నమ్మదగిన పనివాడు

తనకు చేతకాని పనిని చేతనైనవానికి అప్పగించుట లోకమునందు అనాదిగా వచ్చుచున్న మర్యాద. బట్ట నేయువాడు బండి కట్టలేడు. బండి కట్టువాడు నాడి చూడలేడు. ఒకరి విద్యపై ఒకరు ఆధారపడుటవలననే ఊరు ఊరుగా నిలుచుచున్నది. అయితే ఇందులో ఒక చిక్కు కలదు. పనివాని పనితనమును నిర్ణయింపగలవాడు ఆ పని తెలిసినవాడే. మనకు తెలియదు గనుకనే అతని కడకు పోవుచున్నాము. తెలియదు గనుకనే అతడు చేసినది మంచిదో చెడ్డదో చెప్పలేకున్నాము. చీకటిలో వన్నె చూచి చీర కొన్నట్లున్నది మన స్థితి.

ఈ చిక్కు మన బళ్ళారికి క్రొత్తది కాదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ — ఈ మువ్వురిని మనము నాటకరంగమునకు సంబంధించినవారిగానే తలచుకొందుము. కాని మువ్వురును వృత్తిచేత న్యాయవాదులు. రంగస్థలముపై నటుడు తడబడినచో వెనుక వరుసలో కూర్చున్న ప్రేక్షకుడైనను పసిగట్టగలడు. కోర్టులో తన వకీలు తడబడినచో కక్షిదారు పసిగట్టలేడు. కావున నటునికి ప్రతిభ చాలవచ్చును గాని న్యాయవాదికి ప్రతిభతోపాటు శీలము కావలయును. చూచువానికి తెలియని చోట చేయువాని శీలమే కాపలా.

ఈ విషయము మేము చిరకాలముగా ఎరిగినదే యైనను, ఇటీవల ఒక పాత కారు మూలమున దానిని మరల నేర్చుకొనవలసి వచ్చినది. ఆ కథను ఈ సంచిక చదువు మన కుటుంబములవారి ముందు ఉంచుచున్నాము.

ఇనుప ఖనిజమునకు గిరాకి మిక్కుటముగా నున్న యేండ్లలో, అంతకుముందు బొమ్మలలో మాత్రమే చూచిన విదేశపు కార్లు మన ఊరి వీధులలో తిరిగిన సంగతి అందరికిని తెలిసినదే. 2011 జులైలో సుప్రీంకోర్టు ఈ జిల్లాలో గనుల త్రవ్వకమును నిలిపివేసెను. ఆ వైభవము తగ్గిన పిదప ఆ కార్లలో కొన్ని చేతులు మారినవి. అట్టి రెండు తలుపుల స్పోర్ట్సు కారు నొకదానిని మా మిత్రుని కుమారుడు కొన్ని యేండ్లక్రిందట కొనెను. వానికి ముందే దానికి ఇద్దరు యజమానులు. పిల్లవాని వయస్సు ఇరువదియారు. కారు వయస్సు పదునాలుగు. “ఇంత ముసలి గుర్రం ఎందుకురా?” అని తండ్రి అడిగెను. కొడుకు నవ్వి ఊరకుండెను. యౌవనమునకు కారణములు అక్కరలేదు.

కొన్ని నెలలు గడచిన పిమ్మట విదేశమందున్న వాని స్నేహితుడొకడు మాటల సందర్భమున ఒక హెచ్చరిక చేసెను. ఆ సంవత్సరపు కార్లలోని ఎయిర్‌బ్యాగులలో లోపమున్నదని, కంపెనీవారు వాటిని వెనుకకు పిలిచి ఉచితముగా మార్చుచున్నారని చెప్పెను. పిల్లవాడు కారు చాసిస్ నంబరును, అనగా పదునేడు అక్షరములు అంకెలు కలిసిన ఆ గుర్తును, కంపెనీవారి జాబితాలో చూచుకొనెను. మరమ్మతు జరుగలేదని తేలినది. కంపెనీవారు పంపిన ఉత్తరము మొదటి యజమాని పాత చిరునామాకు పోయి యుండును. కారు చేతులు మారినది గాని ఉత్తరము చేతులు మారలేదు.

ఈ విధముగా అమ్మిన సరుకును లోపము బయటపడినప్పుడు వెనుకకు పిలుచుటనే రీకాల్ అందురు. మన దేశమున వాహన నిర్మాతల సంఘము 2012లో దీనికొక స్వచ్ఛంద నియమావళిని ఏర్పరచుకొనెను. 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము ప్రభుత్వమునకు రీకాల్ చేయించు అధికారమిచ్చెను. ఆ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. అయితే ఏడేండ్ల లోపు వయస్సున్న వాహనములకే ఆ నిర్బంధము వర్తించును. అంతకు మించిన వయస్సుగల బండికి చట్టము బలము చాలదు. నిర్మాత మనస్సాక్షియు, యజమాని జాగ్రత్తయు, పనివాని నిజాయితీయు మాత్రమే మిగులును. మనము చెప్పుచున్న కారు పదునాలుగేండ్లది.

పాతబడినకొలది లోపము తగ్గదు సరికదా పెరుగవచ్చును. దీనికి లోకమెరిగిన దృష్టాంతము జపాను దేశపు టకాటా కంపెనీది. ఆ కంపెనీ ఎయిర్‌బ్యాగులలో సంచిని క్షణములో ఉబ్బించుటకు అమోనియం నైట్రేటు అను రసాయనమును వాడిరి. ఎండయు తేమయు ఏండ్ల తరబడి సోకగా ఆ మందు గుణము చెడును. ప్రమాదసమయమున అది మితిమీరిన వేగముతో మండి, తన్ను బంధించియున్న లోహపు డబ్బానే బ్రద్దలు కొట్టును. ప్రాణము కాపాడవలసిన సంచినుండి ఇనుప తునకలు ఎగిరి మనిషిని తాకును. అమెరికాలో మాత్రమే సుమారు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులు రీకాల్ క్రిందికి వచ్చినవి. పరీక్షల ఫలితములను మార్చి చూపిన నేరమును ఆ కంపెనీ 2017లో అమెరికా న్యాయస్థానమున ఒప్పుకొని 100 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించెను. ఆ సంవత్సరము జూన్‌లోనే దివాలా తీసెను. పరీక్ష చేసినవారే పరీక్షను దిద్దుకొన్నప్పుడు, కారు కొన్నవాడు దేనిని నమ్మవలయును?

మన కథకు వత్తము. మా మిత్రుడు పనివానికై వెదుకుట ప్రారంభించెను. అందరును చేసినట్లే ఆయనయు మొట్టమొదట “మనవాడు” ఎవడని విచారించెను. తెలుగువాడు, చుట్టరికము తగిలినవాడు, మన పండుగలకు పిలువకున్నను వచ్చువాడు, ఒక మెకానిక్కు దొరికెను. కారులో ఎయిర్‌బ్యాగు వార్నింగు లైటు కూడ ఎడతెగక వెలుగుచుండెను. “ఎట్లైనా ఆ లైటు ఆరేట్టు చూడప్పా” అని మా మిత్రుడు చెప్పెను. మేమును ప్రక్కనే యుంటిమి. ఆ మాటలో తప్పు మాకు తోచలేదు. రెండు దినములలో పదునెనిమిదివేల రూపాయలకు లైటు ఆరెను. ఇంటిల్లిపాదియు సంతోషించిరి.

నెల తిరుగకముందే బ్రేకులు అరిగినవని కారును ఊరి మరియొక కొసనున్న షెడ్డునకు తీసికొనిపోయితిమి. అక్కడి పనివాడు మన భాషవాడు కాడు, మన మతమువాడు కాడు. కన్నడమును ఉర్దూయు కలిసిన తెలుగులో మాటలాడును. బ్రేకులు చూచుచు, స్టీరింగు క్రింద పసుపుపచ్చ తొడుగు గల వైర్లకు క్రొత్తగా నల్లటేపు చుట్టియుండుట కనిపెట్టెను. ఆ వైర్లు ఎయిర్‌బ్యాగువి. వాటిని ఊరక ముట్టరాదు. అతడు చేయి వెనుకకు తీసికొని మాతో ఇట్లనెను:

“సార్, లైటు ఆరింది, అంతే. రోగం పోలేదు. ఇక్కడ రెసిస్టరు పెట్టి బండిని మోసం చేశారు. ఇప్పుడు గుద్దుకుంటే బ్యాగు తెరుచుకోదు. దీన్ని నేను విప్పను, ఇది నా పని కాదు. బెంగళూరులో కంపెనీవాళ్ళ దగ్గరికే పంపించండి. రీకాల్ పనికి వాళ్ళు డబ్బు తీసుకోకూడదు, అడిగినా ఇవ్వకండి.”

మా మిత్రుడు ఆశ్చర్యపడి, “నీకు చేతకాని పని లేదని ఊరంతా చెప్తారే, నువ్వే చెయ్యకూడదా?” అని అడిగెను. అందులకతడు, “చేతనౌతుందో లేదో మీ అబ్బాయి ప్రాణంమీద పరీక్ష చెయ్యలేను సార్” అనెను. బ్రేకులకు మాత్రము కూలి తీసికొనెను.

ఆ మాట విన్న క్షణమున మా మిత్రుని ముఖము పాలిపోయెను. ఆ నెలలో పిల్లవాడు హొసపేటకు ఎన్నిమారులు పోయివచ్చెనో, లారీల నడుమ ఎంత వేగముగా నడిపెనో, తండ్రి లెక్క వేసికొనుచుండెనని మాకు తెలిసినది. లైటు వెలుగుచున్నప్పుడు పిల్లవాడు జాగ్రత్తతో నడిపెను. అది ఆరిన పిదప నిర్భయముగా నడిపెను. పదునెనిమిదివేల రూపాయలిచ్చి మనము కొన్నది ఆ నిర్భయత్వము మాత్రమే.

తుదకు కారును లారీపై ఎక్కించి, సుమారు మూడువందల కిలోమీటర్ల దూరమున నున్న బెంగళూరునకు పంపిరి. అక్కడివారు రిజిస్ట్రేషను పత్రముతో చాసిస్ నంబరును సరిచూచిరి. క్రొత్త భాగము వచ్చుటకు ఏడు వారములు పట్టినది. దానిని ఉచితముగా అమర్చి, రీకాల్ సంఖ్యను జాబ్ కార్డుపై వ్రాసియిచ్చిరి. కోసిన వైర్లను బాగుచేసిన ఖర్చు మాత్రము యజమాని పెట్టుకొనవలసి వచ్చినది. అది న్యాయమే.

ఇప్పుడు విచారింతము. నమ్మదగిన పనివానిని మనవంటి తెలియనివారు గుర్తించుట ఎట్లు? అతని విద్యను మనము కొలువలేము. కాని అతని నడవడిని కొలువగలము.

తన విద్యకు ఎల్ల ఎక్కడనో ఎరిగియుండుట మొదటి గుర్తు. “ఇది నా పని కాదు” అనగలవాడు “ఇది నా పని” అన్నప్పుడు నమ్మవచ్చును. అన్నియు వచ్చుననువానికి ఏది రాదో మనకు ప్రమాదము జరిగిన పిమ్మటగాని తెలియదు. తన పనిని ఇతరులు పరీక్షించుటకు వీలుగా ఉంచుట రెండవ గుర్తు. ఏమి విప్పెనో, ఏమి మార్చెనో కాగితముపై వ్రాసి యిచ్చును. పాత భాగమును అడుగకయే చేతికిచ్చును. ఎయిర్‌బ్యాగులోని మందు ప్రేలుడు స్వభావము కలది గనుక దానిని ఇంటికి తెచ్చుకొనరాదు, కంపెనీకే పోవలయును. అట్టిచోట క్రొత్త భాగముపై నున్న సంఖ్యను జాబ్ కార్డుపై చూపుమని అడుగుట చాలును. తనకు రాబడి లేని సలహాను కూడ ఇచ్చుట మూడవ గుర్తు. ఆ షెడ్డువాడు మాకు చెప్పిన మాటవలన అతనికి ఒక్క రూపాయియు రాలేదు. లాభము లేని నోటినుండి వచ్చిన మాటకు బరువెక్కువ.

ఇంతమాత్రముచేత మొదటివానిని దుర్మార్గుడనుట తొందరపాటు. మేము అతనిని ఏమి అడిగితిమి? “లైటు ఆర్పుము” అంటిమి. అతడు లైటు ఆర్పెను. “నా బిడ్డ క్షేమమా, చూడుము” అని మేము అడుగలేదు. వైద్యుని కడకు పోయి జ్వరము తగ్గించుమందుము గాని రోగమేమని అడుగము. మనకు కావలసినది తరచుగా సత్యము కాదు, నెమ్మది. నెమ్మదిని అడిగినవానికి నెమ్మదిని అమ్మువాడు దొరకును. కావున నమ్మదగిన పనివానిని వెదకుటకు ముందు నమ్మదగిన ప్రశ్న అడుగుట మనము నేర్వవలయును.

లోపమును బాగుచేయుట వేరు, లోపము కనబడకుండ చేయుట వేరు. పెద్ద పెద్ద కంపెనీలును ఈ భేదమును మరచిన ఉదాహరణము కలదు. అమెరికాలో జనరల్ మోటార్స్‌వారి కొన్ని కార్లలో ఇగ్నిషను స్విచ్చి బలహీనముగా నుండి, బండి నడుచుచుండగనే ఇంజను ఆగిపోవుచుండెను, ఎయిర్‌బ్యాగులును తెరుచుకొనకుండెను. పాంటియాక్ సాల్‌స్టిస్ అను రెండు సీట్ల స్పోర్ట్సు కారు కూడ వాటిలో నొకటి. 2006లో ఆ స్విచ్చిని బలపరచి మార్చిరి. కాని భాగముపై నున్న సంఖ్యను మార్చలేదు. కావున పాతదేదో క్రొత్తదేదో విచారించువారికి తెలియలేదు. అప్పటికే రోడ్డుపై నున్న బండ్లను ఎవరును వెనుకకు పిలువలేదు. 2014లో గాని రీకాల్ జరుగలేదు. అప్పుడు సుమారు 26 లక్షల కార్లను పిలువవలసి వచ్చినది. ఆ లోపమువలన 124 మంది మరణించిరని నష్టపరిహారపు నిధివారు అంగీకరించిరి. పాంటియాక్ అను పేరుతో కార్లు చేయుట అంతకు నాలుగేండ్ల ముందే, 2010లో, ముగిసిపోయినది. పేరు పోయినను బండ్లు తిరుగుచునే యుండెను. మౌనముగా దిద్దుకొన్నవాడు తన్ను మాత్రమే రక్షించుకొనును. చాటి దిద్దుకొన్నవాడు ఇతరులను రక్షించును. రీకాల్ అను పనిలోని ధర్మమంతయు ఈ చాటుటలోనే యున్నది.

ఇక మనకు మిక్కిలి దగ్గరి ప్రశ్న మిగిలినది. జరిగినది తెలిసిన తరువాత మన పెద్దలలో కొందరు మా మిత్రునితో, “పోనీండి, బిడ్డ క్షేమము గదా. నలుగురిలో చెప్పినచో మనవాని పేరు చెడును, మనకే చిన్నతనము” అనిరి. ఈ మాటను త్రోసిపుచ్చుట సులభము కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఈ జిల్లా విభజింపబడినప్పుడు ఆలూరు, ఆదవాని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు పోయినవి. బళ్ళారి మైసూరులో చేరినది. నాటినుండి మనము ఇక్కడ సంఖ్యలో తక్కువవారము. తక్కువవారు ఒకరినొకరు కాచుకొనుట సహజము. ఈ సంఘములు వెలసినది అందుకొరకే. కాని కాచుట యనగా కప్పిపుచ్చుట యగునా?

భాష ఒకటైనచో మాట సులభముగా అర్థమగును. అది చిన్న మేలు కాదు. కాని అర్థమైన మాట నిజమైన మాట కానక్కరలేదు. అతడు మనవాడని నమ్మి మనము వివరములు అడుగలేదు, చీటీ అడుగలేదు, పాత భాగము చూపుమనలేదు. అడిగినచో అవమానించినట్లగునని మొగమోటపడితిమి. పరాయివానిని అడిగియుందుము. ఇట్లు మన అభిమానమే అతనిని పాడుచేసినది. ప్రశ్న లేని నమ్మకము నమ్మినవానికి ఎంత అపాయమో, నమ్మబడినవానికిని అంత అపాయము.

మేమిరువురము ఆలోచించి, ఊరిలో చాటక, ఊరకుండక, తిన్నగా అతని షెడ్డునకే పోయితిమి. జరిగినదంతయు చెప్పితిమి. అతడు మొదట కోపించెను. పిదప, “అందరూ ఇట్లే చేస్తారు సార్” అనెను. అటుపిమ్మట మాట లేదు. మా మిత్రుడు పదునెనిమిదివేలు తిరిగి యిమ్మని అడుగలేదు. ఒక్కటే అడిగెను: “ఇంకా ఎంతమందికి ఇట్లా చేసినావప్పా? వాళ్ళని పిలిపించు.”

వారము దినములకు తెలిసినది. అతడు తన పాత చీటీల పుస్తకమును వెదకి నలుగురికి కబురు పంపెనట. ముగ్గురు వచ్చిరి. వారికి విషయము చెప్పి, తీసికొన్న సొమ్ము విడతలుగా ఇత్తునని ఒప్పుకొని, కంపెనీవారి కడకు పొమ్మనెను. నాలుగవవాడు బండిని అమ్మివేసెనట. ఎవరికి అమ్మెనో తెలియరాలేదు. “ఆ బండి ఎక్కడ తిరుగుతుందో” అని అతడు మాతో అన్నప్పుడు, అతని కంఠమున మేము మునుపు వినని స్వరమొకటి వినిపించినది. ఆ దినమున అతడు మా కంటికి నిజముగా మనవాడయ్యెను. ఒక మహాకంపెనీ కోట్ల బండ్లను పిలుచుటకును, ఒక చిన్న షెడ్డువాడు నలుగురిని పిలుచుటకును ధర్మమున భేదము లేదు. ఖర్చున మాత్రమే భేదము.

ఆ నాలుగవ బండి మా మనస్సును వదలలేదు. ఏలయన మేమును ఒక నాలుగవ బండిని లోకములోనికి పంపినవారమే. చాల యేండ్లక్రిందట మా పాత స్కూటరు నమ్మునప్పుడు వెనుక బ్రేకు వానలో పట్టదని ఎరిగియు కొన్నవానికి చెప్పలేదు. అతడు అడుగలేదు, మేము చెప్పలేదు. ఆ మౌనమునకు బేరమని పేరు పెట్టుకొంటిమి. అతనికేమియు జరుగలేదని తరువాత విన్నాము. అది మా పుణ్యము కాదు, అతని అదృష్టము. కంపెనీలను, మెకానిక్కులను తప్పుపట్టుచున్న మేము ఈ లెక్కను కూడ వ్రాసికొనవలయును గదా!

మా మిత్రుని కుమారుడు ఆ కారును ఇప్పుడును నడుపుచున్నాడు. జాబ్ కార్డును రిజిస్ట్రేషను పత్రముతోపాటు ఒక కవరులో పెట్టి, పైన, “అమ్మినప్పుడు ఇది కూడా ఇవ్వాలి” అని వ్రాసికొనినాడు. బ్రేకుల పనికి ఊరి ఆ కొసనున్న షెడ్డునకే పోవుచున్నాడు. చిన్న చిన్న పనులకు మాత్రము మన మెకానిక్కు కడకే పోవుచున్నాడు. చీటీ వ్రాయించుకొని, పాత భాగము అడిగి తీసికొనుచున్నాడు. అడిగినందులకు అతడు నొచ్చుకొనుట లేదు. ఇప్పుడు తానే ముందుగా తీసి యిచ్చుచున్నాడని విన్నాము.